కుప్పంలో కొన్న ప్రథమ ఫలాలు

బేతనీపేట బడి పెద్దయ్యవారు కృపానందం తన జీవితంలో డబ్బిచ్చి మామిడిపండు కొన్నది రెండే సార్లు. మొదటిసారి భార్య కోసం కొన్నాడు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. రెండోసారి కొన్నది దేవుని కోసమని చెప్పుకున్నాడు. ఆ సిగ్గు ఆయన ఉద్యోగం విరమించేదాకా ఆయన కుర్చీ పక్కనే కూర్చుంది.

బేతనీపేట పుంగనూరు పొలిమేరలో, పలమనేరు దారి పక్కన ఉంటుంది. ఒక ప్రార్థన మందిరం, ఒక బడి, వాటి చుట్టూ కొన్ని పెంకుటిళ్ళు, అంతకు మించి పూరి కొట్టాలు. అక్కడి కుటుంబాలన్నీ రెండు తరాల కిందట ఆసాముల ఇళ్ళలో జీతగాళ్ళుగా బతికినవే. కృపానందం తాత జీతగాడే, తండ్రీ జీతగాడే. కొడుకును బడికి పంపుతానని చెప్పుకోవడానికి తండ్రి ఆసామి ఇంటికి వెళ్ళిన రోజున పిల్లవాడైన కృపానందం ఆయన వెనుక, గడపకు దూరంగా, ఎండలో నిలబడి ఉన్నాడు. ఆసామి వక్కాకు నములుతూ నవ్వాడు.

"విత్తొకటేస్తే సెట్టొకటి మొలస్తాదంట్రా? నువ్వు పేడ తీసేవాడివి, నీ కొడుకూ పేడే తీస్తాడు. ఆ పలక అమ్మేసి వాడికొక గంప కొనియ్యి పో."

సామెతలన్నీ జ్ఞానమని నెత్తిన పెట్టుకునే మన పెద్దలు ఒక్క సంగతి గమనించరు. చాలా సామెతలు చెప్పేవాడి చేతిలో కర్రలు. వాటి అర్థం వినేవాడి వీపుకు తెలుస్తుంది. కృపానందం వీపుకు తెలిసింది. అయినా చదువుకుని, మదనపల్లెలో ట్రైనింగు ముగించి, అయ్యవారై, సంఘంలో పెద్ద అయిన తరువాత కూడా ఆ సామెత అబద్ధమని ఆయన ఎన్నడూ అనుకోలేదు. సామెత నిజమే, తన విత్తు మంచిది, ఆ ఆసామికి పోల్చుకోవడం చేతకాలేదు అనుకున్నాడు. ఆయన చేసిన తప్పులన్నిటికీ మొదలు అదే.

1940 వేసవిలో ఆయన భార్య విమలమ్మ విషజ్వరంతో మదనపల్లె ఆసుపత్రిలో పడింది. జ్వరం దిగి, నోటికి ఏమీ సహించక, "ఏదైనా తియ్యంది తినాలని ఉండాది" అని ఆమె అడిగిన రోజున కృపానందం బజారుకు వెళ్ళాడు. పండ్ల దుకాణంలో వరిగడ్డి మీద గుండ్రంగా, బరువుగా మల్గోవాలు పేర్చి ఉన్నాయి. ఆయన ఒకదాని మీద చెయ్యి వేయబోగా దుకాణందారు ఆయన చొక్కా వంక, కాళ్ళ వంక చూసి, "అవి సేలం సరుకప్పా. నీకు నాటుకాయలు ఆ గంపలో ఉండాయి సూడు," అన్నాడు.

నాటుకాయల మీద మనసు లేక కాదు గానీ, ఆ మాట విన్న తరువాత ఆయన వాటిని కొనలేకపోయాడు. మల్గోవానే కొన్నాడు. విమలమ్మ మంచం మీద కూర్చుని, వేళ్ళు నాక్కుంటూ తిన్నది. టెంకను ఆయన తడిగుడ్డలో చుట్టి పుంగనూరుకు తెచ్చి, పైపెంకు చీల్చి, లోపలి గింజను పెరట్లో నాటాడు.

మొలక రాగిరంగు ఆకులతో లేచిన నాటినుంచి దానికి జరిగిన మర్యాద బేతనీపేటలో మనిషికి జరిగి ఉండదు. చుట్టూ కంప నాటించాడు. మేకను అటు రానిచ్చిన పిల్లవాడికి రెండు దెబ్బలు తప్పేవి కావు. ఇంటికి ఎవరు వచ్చినా కాఫీకి ముందు చెట్టు చూపించేవాడు.

"మల్గోవా. మదనపల్లెలో కొన్న పండు టెంక," అనేవాడు.

"కాయకముందే పేరు పెట్టేసినారు. ఇంగ బాప్తిస్మం ఒక్కటే తక్కువ దానికి," అని విమలమ్మ లోపలినుంచి అనేది.

టెంక నాటితే ఏమి కాస్తుందో ఆ జిల్లాలో తోట పెట్టిన ఏ రైతును అడిగినా చెప్పి ఉండేవాడు. కృపానందం అడగలేదు. అడగడమంటే సందేహించడం. ఆ చెట్టును సందేహించడమంటే ఇంకేదో సందేహించినట్లు ఆయనకు ఉండేది.

1946 జూన్‌లో బడికి ఇంకొక అయ్యవారమ్మ కావలసి వచ్చింది. దేవదాసు పాస్టరు సంఘం ముందు సుహాసిని పేరు పెట్టాడు. సుహాసిని బేతనీపేట అమ్మాయే. మదనపల్లె బోర్డింగులో చదివి, ఆ ఏడే ట్రైనింగు పాసయింది. తల్లి పాపమ్మ కూలికి పోయి ఆమెను చదివించింది. తండ్రి మునెయ్య మాట వేరు. కరువు సంవత్సరంలో ఒక ఆసామి కళ్ళంలో రాగులు మూటకట్టుకుంటూ దొరికిపోయి, జైలుకు వెళ్ళి, తిరిగివచ్చిన కొద్ది కాలానికే పోయాడు. మునెయ్య ఎందుకు మూట కట్టాడో ఆ గదిలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఆ ఏడు వాళ్ళ ఇళ్ళలో కూడా పొయ్యి వెలగలేదు. తెలిసినవాళ్ళే తెలియనట్లు కూర్చునే చోటును మన దేశంలో సభ అంటారు.

సంఘ పెద్దగా కృపానందం లేచాడు. సుహాసిని తలుపు పక్కన చాప మీద ఉంది. పాపమ్మ బయట మెట్టు మీద కూర్చుని ఉంది.

"పాపను నేనేమీ అనడం లేదు," అన్నాడు. "తెలివైనదే. కానీ బడి అంటే పసిపిల్లల పునాది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? నా పెరట్లో మల్గోవా టెంక వేశాను, రేపో మాపో మల్గోవానే కాస్తుంది. మునెయ్య విత్తనం ఏమి కాస్తుందో మీరే ఆలోచించండి."

గురప్ప అనే మేస్త్రీ పెద్దగా నవ్వాడు. గురప్ప నవ్వితే సగం సభ నవ్వేది. తీర్మానం వాయిదా పడింది. ఆసామి గడప ముందు తాను విన్న మాటను తన నోటితోనే అన్నానన్న స్పృహ కృపానందానికి ఆ రోజు కలగలేదు. తన మాట బాగా అతికిందన్న తృప్తితో ఇంటికి వెళ్ళి భోంచేశాడు. సుహాసిని ఆ ఏడంతా కొట్టాల నడుమ, వేపచెట్టు కింద, కూలికి పోయేవాళ్ళ పిల్లలకు జీతం లేకుండా అక్షరాలు నేర్పింది. మధ్యాహ్నాలు తల్లితో కలిసి వేరుశనగ ఒలవడానికి పోయేది.

మరుసటి వేసవికి చెట్టు కాసింది.

తొలిసారి పండినది ఏదైనా ఇంట్లో తినకముందు మందిరానికి తెచ్చి ప్రథమ ఫలమని దేవుని బల్ల ముందు పెట్టడం, ఆరాధన ముగిశాక దాన్ని వేలం వేయడం ఆ సంఘం ఆచారం. గుమ్మడికాయైనా, కోడిపెట్ట తొలి గుడ్డయినా అంతే. మల్గోవాలు వస్తున్నాయని గురప్ప నెల ముందే చాటింపు వేశాడు. ఆ ఆదివారమే ఆరాధన తరువాత సుహాసిని విషయం మళ్ళీ చర్చకు పెడతానని పాస్టరు ప్రకటించాడు. బడి తెరవడానికి ఇక ఎక్కువ రోజులు లేవు.

ఆ వారంలోనే ఒక ఉదయం చిలక కొట్టిన పండొకటి రాలింది. విమలమ్మ దాన్ని కడిగి, చిలక వదిలిన వైపు కోసి నోట్లో వేసుకుంది. ఇంకొక ముక్క భర్తకు ఇచ్చింది. పళ్ళు జివ్వుమన్నాయి. పులుపు కంటే ముందు పీచు తగిలింది. పళ్ళ సందుల్లో కొబ్బరి తాడులాగా ఇరుక్కుంది.

"ఇంకా పండలేదేమో," అన్నాడు.

"చిలకకు తెలీదా పండిందో లేదో? రెండు పొడుపులు పొడిసి యెల్లిపాయ," అంది విమలమ్మ. ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "పోనీలే. ఊరగాయకు బాగుంటాది. ఈ పులుపుకు మెంతులు పడితే సంవత్సరం నిలస్తాది."

"ఆదివారానికి ఏం చెయ్యాలే?"

"ఇవే తీసకపోండి. దేవునికి పుల్లనివి ఇయ్యకూడదని యాడ రాసుండాది?"

"గురప్ప ఉన్నాడు. ఊరంతా ఉంది."

"అయితే మీరు ఇచ్చేది దేవునికి కాదు, గురప్పకి," అంది విమలమ్మ, కత్తిపీట కడుక్కుంటూ.

శుక్రవారం నాడు కృపానందం కుప్పంలో బంధువును చూసి వస్తానని బస్సు ఎక్కాడు. మదనపల్లెలో కొనవచ్చు, కానీ మదనపల్లె బజారులో అడుగడుగునా తెలిసినవాళ్ళే. యుద్ధం ముగిసినా ఇంకా బొగ్గు గ్యాసుతోనే నడుస్తున్న ఆ బస్సు ప్రతి మిట్టకూ ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆగినప్పుడల్లా దిగి వెనక్కి నడిచిపోదామని ఆయనకు అనిపించింది. దిగలేదు.

కుప్పంలో రైలు దిగిన బుట్టలను స్టేషను బయటే పరుచుకుని అంజినప్ప అనే ఆయన అమ్ముతున్నాడు. కృపానందం ఒక్కొక్క పండునే ఎత్తి, ఒకే పరిమాణంలో ఉండేవి ఏరుతుంటే అంజినప్ప ముచ్చటపడ్డాడు.

"పెండ్లికా అప్పా?"

"కాదు. టెంక నాటుదామని," అని నోటికి వచ్చిన అబద్ధం చెప్పాడు కృపానందం.

"అయ్యో, ఆ పని మాత్రం సెయ్యొద్దప్పా! ఏండ్ల తరబడి నీళ్ళు పోసి, కడాకు ఏడ్సాల. మల్గోవా టెంక పెడితే మల్గోవా యాడొస్తాది? ఏ తేనెటీగ యాడినుంచి ఏం తెచ్చి పూతకు పూసిందో ఎవురికి తెలుసు? అంటు కట్టాల."

"అంటు అంటే?"

"నాటు మొక్కకు మంచి కొమ్మ తెచ్చి, రెండిటికీ తోలు చెక్కి, అదీ ఇదీ తాకేట్టు బిగించి కట్టేది. అంటుకునిందా, తీపి. దూరం పెట్టినావా, రెండూ ఎండిపోతాయి." అంజినప్ప పండును అరచేతిలో తిప్పి చూపాడు. "ఈ బుట్టలో అంటు కానిది ఒక్కటి సూపించు, ఊరికే ఇస్తా!"

అంటు అనే మాట చెవిన పడితే వెనక్కి తగ్గడం కృపానందం వంశంలో కాళ్ళకు తరతరాలుగా వచ్చిన అలవాటు. ఆయన కాళ్ళు నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాయి. తనవాళ్ళను బావుల దగ్గర, గడపల దగ్గర, సంతలో నిలబెట్టేసిన మాట అది. ఆ మాటకే ఇక్కడ ఇంకొక అర్థం ఉంది. తాకితేనే తీపి అన్న అర్థం. తాను ఏడేళ్ళు పెంచిన చెట్టు సామెతకు సాక్ష్యం కాదు, దాని మీద నేరారోపణ. ఇవన్నీ ఆయనకు ఆ స్టేషను బయట, ఎండలో, స్పష్టంగా అర్థమయ్యాయి. అర్థమైన తరువాతనే ఆయన పండ్లు కొన్నాడు. తెలియక చేసిన తప్పుకు జాలి చూపవచ్చు. తెలిసి చేసినదానికి ఏ పేరు పెట్టాలో చదివేవారే నిర్ణయించాలి.

ఆదివారం మందిరంలో బల్ల ముందు కొత్త చాటలో మల్గోవాలు మెరిశాయి. అంటుకున్న గడ్డిపరకలు ఆయన తెల్లవారుజామునే ఏరేశాడు. విమలమ్మ ఆ రోజు తలనొప్పి అని ఇంట్లోనే ఉండిపోయింది.

వేలం గురప్ప పాడించాడు. "సూడండప్పా, సూడండమ్మా! సేలం రాజు తినే పండు బేతనీపేటలో కాసింది! మన అయ్యవారి చెయ్యి అట్లాంటిది. ఎవురు పాడతారు?"

చివరి పండుకు ఎవరూ ఊహించని గొంతు లేచింది. పాపమ్మ. ఆమె పాడిన ధరకు గురప్పే తడబడ్డాడు.

"ఏమ్మే పాపమ్మా, పండు తినేదానికి అంత పెడతావా?"

"తినేదానికి కాదప్పా. టెంక నాటుకుంటా. నా బిడ్డను మీరు అయ్యవారమ్మను సేసినా సెయ్యకపోయినా, మా వాకిట్లో కూడా మంచి జాతి సెట్టొకటి ఉండనీ."

పండును ఆమె రెండు చేతులతో అందుకుని, కొంగులో మూటగట్టుకుంది. కృపానందం తన కాళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు.

తరువాత పాస్టరు సుహాసిని మాట ఎత్తాడు. ఏడాదిగా వేపచెట్టు కింద ఆమె చేసిన పని చెప్పాడు. ఆడవాళ్ళు కొందరు అవునన్నారు. గురప్ప లేచాడు.

"పాస్టరయ్యా, నాకు సదువు లేదు. నాకు తెలిసింది కండ్లతో సూసిందే. పోయినేడు అయ్యవారు ఏం సెప్పినారు? విత్తును బట్టే సెట్టని. ఇదో, సాక్ష్యం ఈ చాటలో ఉండె; ఇప్పుడే అమ్ముకున్యాం. ఇంగ దీనికి మించిన రుజువు యాడ తేవాల? ఏమంటారు అయ్యవారూ?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన ఊరుకుంటే చాలు. తల ఊపనక్కర కూడా లేదు. ఆ ఊరుకోవడంతో సుహాసిని మళ్ళీ వేరుశనగ ఒలవడానికి పోతుంది. తన పండ్ల మాట ఎవరికీ తెలియదు. ఆయన ఊరుకున్నాడు. ఆ కొద్దిసేపు గురించే తరువాతి కాలంలో ఆయన ఎక్కువ బాధపడేవాడని విమలమ్మ చెప్పేది. పాపమ్మ కొంగుముడి మీద చెయ్యి వేసుకుని, కూతురి వైపు చూడకుండా, నేల వైపు చూస్తోంది. ఆ చెయ్యి ఆయనను లేపింది.

"ఆ పండ్లు నా చెట్టువి కావు," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పవలసి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. "కుప్పంలో కొన్నాను. నా చెట్టు కాసినవి పుల్లనివి. పీచు. మల్గోవా టెంకకు మల్గోవా కాయలేదు."

"అయితే మేము యాలం పాడింది కుప్పం సరుకునా?" అని గురప్ప అరిచాడు. ఎవరో పక్కున నవ్వారు. ఇంకెవరో, "దేవుని బల్ల మీద!" అన్నారు. పాస్టరు చెయ్యెత్తి అందరినీ ఆపి, కొంత ఉత్సాహంగానే, "సరే. ఆ రుజువు పోయింది కాబట్టి ఇక అడ్డం లేదు. సుహాసినిని తీసుకుందాం," అన్నాడు.

సుహాసిని లేచి నిలబడింది.

"ఒక మాట అడగొచ్చా అయ్యవారూ? ఆ సెట్టు తియ్యగా కాసి ఉంటే?"

ఆయన ఖాళీ చాట వంక చూశాడు.

"కాసి ఉంటే నేను పనికిరానిదాన్నే గదా? ఈరోజు కాయ పుల్లగుండాది కాబట్టి పనికొచ్చినాను." ఆమె తల్లి వైపు చూసింది. "నేను ఉద్యోగం వద్దనను. మాయమ్మ సేతులు సూసినాక వద్దనే పొగరు నాకు లేదు. కానీ మీరు పోయినేడు అన్నది తప్పా కాదా, మామిడిచెట్టు పేరెత్తకుండా సెప్పండి."

పండ్ల సంగతి ఒప్పుకున్నప్పుడు తాను పెద్ద త్యాగమే చేశానని కృపానందం లోలోపల అనుకుని ఉన్నాడు. నేరం ఇంకా చెప్పనేలేదని, ఇంతవరకూ చెట్టు వెనుకే దాక్కున్నానని ఆ పిల్ల అడిగేదాకా ఆయనకు తట్టలేదు.

"తప్పు," అన్నాడు. "మా నాయనను ఒక ఆసామి అదే మాట అన్నాడు. నేను వెనకాల నిలబడుకోనుంటిని. ఆ మాట ఎట్లా ఉంటాదో తెలిసినోణ్ణి నేను. తెలిసీ నీ ముందర, మీ అమ్మకు ఇనపడేట్టు అన్న్యాను. మునెయ్య నాకంటే చెడ్డవాడు కాదు." అయ్యవారి నోట పుస్తకాల తెలుగు పోయి తండ్రి మాట వచ్చిందని ఆ రోజు అక్కడున్నవాళ్ళు చాలా కాలం చెప్పుకున్నారు.

పాపమ్మ కొంగుముడి విప్పి, పండును ఆయన చేతిలో పెట్టి బయటికి నడిచింది.

వారం తిరిగేసరికి ఆయన సంఘ పెద్దరికం వదులుకున్నాడు; ఉండమని ఎవరూ బతిమాలలేదు. బడి తెరిచిన రోజున సుహాసిని అందరికంటే ముందు వచ్చి, "నమస్కారం పెద్దయ్యవారూ," అంది. అన్ని రోజులూ అలాగే అంది. ఆమె ఒక్కనాడైనా విసుక్కుని ఉంటే ఆయనకు కొంత సుఖంగా ఉండేది.

ఆ చలికాలంలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. సుహాసిని తరగతిలో పిల్లలు గడగడ చదవడం విని సంతోషించి, ఆమె కాగితాలు తిరగేశాడు.

"ట్రైనింగు పాసైన తరువాత ఒక సంవత్సరం ఖాళీగా ఉన్నావేమమ్మా? పెళ్ళి ప్రయత్నాలా?"

"ఆ సంగతి పెద్దయ్యవారికి తెలుసు సార్," అంది సుహాసిని, నల్లబల్ల తుడుస్తూ.

ఇన్‌స్పెక్టరు తిరిగి చూశాడు. పిల్లలూ చూశారు.

"నేను అడ్డుపడ్డాను సార్," అన్నాడు కృపానందం.

"మీరా? ఎందుకు?"

ఇన్‌స్పెక్టర్లు తరచుగా మారే రోజులవి. వచ్చిన ప్రతి కొత్తాయనా ఆ కాగితాలు చూసేవాడు, ఆ ప్రశ్నే వేసేవాడు, ఆమె ఆ జవాబే చెప్పేది. కుర్చీలోంచి లేచి నిలబడి, మొదటినుంచి చివరిదాకా, ఏదీ మినహాయించకుండా ఆయన చెప్పేవాడు.